టైం ఆఫీసు కంప్యూటర్ నిద్ర

దుమ్ము, ఫోన్లు

బొగ్గు కంపెనీ కంప్యూటర్ సెక్షన్‌లో నేను చేసిన ఉద్యోగంలో సగం దుమ్ము దులపడమే. కొత్తగా చేరేవాళ్ళు ఈ మాట ముందే తెలుసుకుంటే మంచిది. కాలేజీలో ఏం చదివి వచ్చినా సరే, మొదటి రోజు మీ చేతికి ఒక బ్లోయరు, ఒక పెయింటు బ్రష్షు ఇస్తారు. గోదావరిఖని గాలిలో బొగ్గు ఉంటుంది. అది సీపీయూ డబ్బాలోకి దూరి, ఫ్యాను రెక్కలకు పట్టి గడ్డకడుతుంది. ఒకరోజు ఫ్యాను ఆగిపోతుంది. అప్పుడు ఫోను వస్తుంది: "మేడం, మీ కంప్యూటర్ ఖరాబైంది." బాగా నడిచినన్ని రోజులు అది వాళ్ళ కంప్యూటరే. చెడిపోయిన రోజు మాత్రం నాదవుతుంది.

మాది కమాన్‌పూర్ దగ్గర ఒక పల్లె, వ్యవసాయం చేసుకునే ఇల్లు. పరీక్ష రాసి క్లర్కుగా చేరాను. కంప్యూటర్లు వచ్చినప్పుడు "నీకు టైపు వచ్చు కదా సరోజా, ఇవి నువ్వు చూసుకో" అని నన్ను అటు తోశారు. తోసినవాళ్ళ దృష్టిలో కంప్యూటర్ అంటే టీవీ తగిలించిన టైపు మిషను. నాకూ అంతకంటే ఎక్కువ తెలియదు. తిట్లు తింటూ నేర్చుకున్నాను. ప్రమోషన్లు ఎప్పుడు వచ్చాయో, ఎందుకు ఆగాయో ఇక్కడ రాయను. అవి నాకూ మా ఇంట్లోవాళ్ళకూ తప్ప ఎవరికీ పనికిరావు.

ఒక సంగతి మాత్రం ముందే చెప్పాలి. నా సర్వీసు రోజుల్లో చట్టం ఆడవాళ్ళను గని కిందికి దిగనిచ్చేది కాదు. గని అంటే నాకు పైన కనిపించేదే: హాజరు వేసే టైం ఆఫీసు, ల్యాంపుల గది, క్యాంటీను, కొళాయిల దగ్గర ఆరేసిన తువ్వాళ్ళు. కింద ఎలా పని చేస్తారో, ఏ పనికి ఏ భయం ఉంటుందో పైకి వచ్చినవాళ్ళు చెబితేనే తెలిసేది. వాళ్ళేమో చెప్పరు. డ్యూటీ దిగిన మనిషి కింది ముచ్చట ఎత్తడు, ఇంట్లో కూర ఏమిటని అడుగుతాడు. నాకు ఈ సంగతులు తెలియకపోవడం ఒకసారి ఒక మనిషి కుర్చీ మీదికి, అంతకంటే ఎక్కువగా అతని పేరు మీదికి వచ్చింది. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

పొదుపు ఆర్డరు

అప్పటికి తెలంగాణ రాష్ట్రం ఇంకా మాటల్లోనూ పాటల్లోనూ ఉంది. ఎన్నో ఊళ్ళకు వెలుగిచ్చే బొగ్గు మాది. మా ఆఫీసుల్లో మాత్రం ఒక్క ట్యూబులైటు ఎక్కువ వెలిగితే సంజాయిషీ అడిగేవారు. ఆ పొదుపు కంప్యూటర్ల దాకా వచ్చింది. పని లేనప్పుడు ఏ కంప్యూటరూ నడుస్తూ ఉండకూడదని పై నుంచి ఆర్డరు దిగింది.

ఆర్డరు మంచిదే. గనుల్లో కంప్యూటర్లు రాత్రనక పగలనక వెలుగుతూనే ఉండేవి. ఇంచుమించు ఎవరూ ఆపేవారు కారు, ఎందుకంటే ఆపితే మళ్ళీ లేవడానికి అది పెట్టే ఆలస్యంలో క్యాంటీనుకు వెళ్ళి చాయ తాగి రావచ్చు. లేచాక హాజరు ఎక్కించే మస్టర్ ప్రోగ్రాం తెరవాలి, పాస్‌వర్డు కొట్టాలి, ఆ నెల ఫైలు వెతకాలి. ఈలోగా బయట ఎవరో ఒకరు అరుస్తూనే ఉంటారు. అందుకని నేను ఆలోచించి అన్ని గనుల్లోనూ స్టాండ్‌బై పెట్టాను.

ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ముందు ముందు అవసరం. కంప్యూటర్‌ను షట్‌డౌన్ చేయడమంటే వంట ముగించి, గిన్నెలు కడిగి బోర్లించి, పొయ్యి ఆర్పడం. స్టాండ్‌బై అంటే కూరను సన్నమంట మీద వదిలి పక్కింటికి వెళ్ళడం. తెర ఆరిపోతుంది, చప్పుడు ఆగిపోతుంది, కానీ మీరు తెరిచిపెట్టిన పనంతా దాని మతిలో అలాగే ఉంటుంది. ఒక మీట నొక్కితే చిటికెలో లేస్తుంది. ఆ మతి నిలవడానికి మాత్రం కొద్దిపాటి కరెంటు అందుతూ ఉండాలి. అందుకే ముందువైపు చిన్న దీపం మిణుకు మిణుకుమంటూ ఉంటుంది. మంట ఆరితే కూర పోయినట్టే, ఆ కరెంటు పోతే మతి పోతుంది.

మూడోది హైబర్నేట్. దీంట్లో కంప్యూటర్ తన మతిలో ఉన్నదంతా హార్డ్ డిస్కు మీద రాసిపెట్టి, ఆ తర్వాత పూర్తిగా ఆరిపోతుంది. దానికి చుక్క కరెంటు అక్కర్లేదు. వారం తర్వాత ఆన్ చేసినా డిస్కు మీద రాసుకున్నది చదువుకుని, వదిలినచోటే తెరుచుకుంటుంది. లేవడానికి స్టాండ్‌బై కంటే కాస్త ఎక్కువసేపు పడుతుంది, డిస్కులో చోటు తింటుంది. ఈ రెండు కారణాలు చూసి నేను దాని జోలికి పోలేదు. మా డిస్కులు అప్పట్లో అంత చిన్నవి.

"మీట నొక్కండి, పండుకుంటది. మళ్ళ నొక్కండి, లేస్తది" అని గని గనికీ తిరిగి చెప్పి వచ్చాను. అందరూ తలాడించారు. తలాడించడం చూసి అర్థమైందనుకోవడం మా వృత్తిలో పెద్ద పొరపాటు.

కొమురయ్య కాక

ఆ గని పేరు రాయను. అక్కడి టైం ఆఫీసులో మొదటి షిఫ్టు క్లర్కు కొమురయ్య. వయసులో మా చిన్నాన్న అంతవాడు, అందుకని కాకా అని పిలిచేదాన్ని. అంతకుముందు కింద హాలర్ డ్రైవరు. హాలర్ అంటే బొగ్గు నిండిన టబ్బులను ఉక్కు తాడుతో పైకి లాగే ఇంజను. ప్రమాదంలో కుడిచేతి వేళ్ళు పోతే, కింది పనికి పనికిరాడని డాక్టర్లు రాస్తే, చదువు కొంత ఉంది కాబట్టి టైం ఆఫీసులో కూర్చోబెట్టారు. కంప్యూటర్ నేర్పింది నేనే. ఎడమచేత్తో ఒక్కొక్క అక్షరం వెతికి కొట్టేవాడు. నెమ్మదిలో ఆయనకు ఆయనే సాటి. పక్కన నిలబడి చూస్తుంటే నాకు చేతులు దురద పుట్టేవి.

పని పద్ధతి ఇలా ఉండేది. షిఫ్టుకు వచ్చిన కార్మికుడి హాజరు, అంటే మస్టరు, కిటికీ దగ్గర పుస్తకంలో పడుతుంది. తర్వాత లోపలి గదిలో కొమురయ్య కాక కూర్చుని ఆ పుస్తకం చూసి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాడు. డ్యూటీ అయ్యాక గది మూసి వెళ్ళిపోతాడు. కొంతసేపటికి రెండో షిఫ్టు క్లర్కు శ్రీనివాస్ వచ్చి, గది తెరిచి తన షిఫ్టు ఎక్కిస్తాడు. నెల చివర కంప్యూటర్ ప్రింటు నోటీసు బోర్డు మీద అంటిస్తారు.

స్టాండ్‌బై పెట్టిన కొన్నాళ్ళకు ఆ గని నుంచి ఫోన్లు మొదలయ్యాయి. మస్టర్ ఫైలు తెరుచుకోవడం లేదు. నేను స్కూటీ వేసుకుని వెళ్ళి ఫైలు బాగుచేసేదాన్ని. ఫైలు బాగయ్యేది గానీ, చివర ఎక్కించిన పేర్లు కొన్ని రాలిపోయేవి. కాక వాటిని పుస్తకం చూసి మళ్ళీ ఎక్కించేవాడు. వరుసగా నాలుగు రోజులు బాగుండేది, మళ్ళీ పోయేది. మిగతా గనుల్లో ఏ గొడవా లేదు. డిస్కు మార్చాను. వైరస్ ఉందేమోనని వెతికాను. ప్రోగ్రాం తీసి మళ్ళీ వేశాను. చివరికి ఆ కంప్యూటర్‌కు దిష్టి తీయడం ఒక్కటే మిగిలింది.

"కాకా, పోయేటప్పుడు కంప్యూటర్ బంద్ చేస్తున్నవా?" అని అడిగాను.

"లేదు బిడ్డా. నువ్వు చెప్పినట్టే పండవెడుతున్న. దినాం పండవెట్టే పోతున్న" అన్నాడు.

ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. ఆ సమాధానం విని నేను ఇంకో ప్రశ్న వేయలేదు.

నెల చివర ప్రింటు అంటించారు. రాలిన పేర్లలో కొన్ని మళ్ళీ ఎక్కలేదు, పుస్తకంలో అప్పటికే పెన్సిలు గీత పడి ఉంటే కాక ఎక్కినట్టే అనుకున్నాడు. పర్మనెంటు కార్మికుడికి ఒక మస్టరు తగ్గితే ఆఫీసులో గట్టిగా అడిగి వేయించుకుంటాడు. బదిలీ ఫిల్లరు సంగతి వేరు. ఎవరైనా రానిరోజు వాళ్ళ బదులు దిగి బొగ్గు నింపేవాడు అతను. ఏడాదిలో చాలినన్ని మస్టర్లు పడితేనే పర్మనెంటు అవుతాడు. అతనికి ఒక్కొక్క మస్టరూ ఒక్కొక్క మెట్టు. రాజు అనే బదిలీ ఫిల్లరుకు ఆ ప్రింటులో మస్టర్లు తగ్గాయి. తండ్రి లేని పిల్లవాడు. తల్లి లచ్చవ్వ కూరగాయలు అమ్ముతుంది. నోరు గట్టిది.

ఆమె టైం ఆఫీసుకు రాలేదు. నేరుగా కాలనీలో కొమురయ్య క్వార్టరు ముందుకు వెళ్ళి నిలబడింది. వీధంతా తలుపులు తీసుకుని చూస్తుండగా తిట్టింది. ఆ తిట్లు నాకు మర్నాడు పదిమంది చెప్పారు, పదిమందీ ఒకేలా చెప్పారు.

"నా కొడుకు మస్టర్లు మింగి కుర్చీల కూసున్నవా! ఊకెనే పోయిందా నీ చెయ్యి? దేవుడు సూసే తీసిండు!"

ఆ తర్వాత క్యాంటీనులో కాక పక్కన ఎవరూ కూర్చోవడం లేదని శ్రీనివాస్ చెప్పాడు. చాయ గ్లాసు పట్టుకుని కాక వచ్చి బెంచి మీద కూర్చుంటే, కూర్చున్నవాళ్ళు ఏదో పని గుర్తొచ్చినట్టు లేచేవారట. కాలనీలో బతికేవాడికి ఇంతకంటే శిక్ష లేదు.

మూర్తి గారి తొందర

ఆ గనిలో ఉద్యోగుల వ్యవహారాలు చూసే పర్సనెల్ ఆఫీసరు మూర్తి గారు, కృష్ణా జిల్లా మనిషి. చెడ్డవారని అనను. కార్మికుల పిల్లల స్కూలు ఫీజుల దగ్గర నుంచి ఆసుపత్రి రెఫరల్స్ దాకా ఓపికగా సంతకాలు చేసేవారు. ఆయన లోపమల్లా ఒక్కటే, ఏ సంగతైనా భోజనంలోపల తేలిపోవాలి. నన్ను పిలిపించారు.

"చూడమ్మా సరోజా, కంప్యూటర్ దానంతటది చెడిపోదు కదా. చెయ్యి పడితేనే చెడిపోద్ది. అతగాడు లేనిరోజు చెడిందా ఎప్పుడైనా?"

"లేదు సార్."

"మరింకేం? కావాలని చేస్తున్నాడని నేననను. చేతకాక చేసినా మనకి ఒకటే. సోమవారం నుంచి యార్డుకి పంపించేద్దాం. టింబరు లెక్క చూసుకుంటాడు."

దుంగలు దొర్లించే యార్డులో ఆ చేత్తో ఆయన ఏం చేస్తాడని అడిగాను. "అందరూ ఏం చేస్తారో అదే" అన్నారు. నాకు కోపం వచ్చింది. యార్డు పని తక్కువని కాదు. ఇప్పుడు ఆయనను కుర్చీలోంచి లేపితే, మస్టర్లు తిన్నది నిజమేనని కంపెనీ ముద్ర వేసినట్టే. లచ్చవ్వ అన్న మాట జన్మంతా ఆయన వెంట నడుస్తుంది. ఆ మాట మూర్తి గారికి చెప్పాను.

"కాలనీ మాటలు మనకెందుకమ్మా" అన్నారు.

సోమవారం లోపు కారణం పట్టుకుంటానని చెప్పి వచ్చాను. ఎలా పట్టుకుంటానో నాకే తెలియదు.

కొత్తవాళ్ళకు ఒక మాట. ఫోన్లో విని రిపేరు చేయకండి. చెడిపోయాక వెళ్ళి చూస్తే మీకు కనిపించేది చెడిపోయిన మిషను మాత్రమే. చెడిపోకముందు వెళ్ళి, ఒక మూల కూర్చుని, మనుషులు దానితో ఎలా మెలుగుతారో చూడండి. ఆ పని నేను మొదటి వారంలోనే చేసి ఉంటే ఈ గొడవ ఇంతదూరం వచ్చేది కాదు.

మూల కుర్చీ

శనివారం ఉదయం వెళ్ళి కాక గదిలో మూల కుర్చీలో కూర్చున్నాను. ప్రింటరు బాగు చేస్తున్నట్టు దాని మూత తీసి పెట్టుకున్నాను. కాక తన కుర్చీలో కూర్చున్నాడు. మనిషి సగమయ్యాడు. పుస్తకం తెరిచాడు, ఒక్కొక్క నంబరు ఎక్కించాడు, ఎక్కించిన ప్రతి పేరు పక్కన పెన్సిలుతో చిన్న గీత పెట్టుకున్నాడు. డ్యూటీ చివర సేవ్ చేసి, నేను నేర్పిన మీట నొక్కాడు. తెర ఆరింది, చిన్న దీపం మిణుకుమంది. పద్ధతి ప్రకారమే చేశాడు.

నేనూ వెళ్ళడానికి లేచాను. ఆయన చెప్పులు వేసుకున్నాడు. టిఫిను డబ్బా తీసుకున్నాడు. ఫ్యాను ఆపాడు, కిటికీ మూశాడు. గుమ్మం దాకా వెళ్ళి, గోడకున్న మెయిన్ స్విచ్చు పిడిని ఎడమచేత్తో కిందికి లాగేశాడు. ఇంకోసారి నొక్కి చూసి, పడిందని రూఢి చేసుకున్నాడు.

కంప్యూటర్ దీపం ఆరిపోయింది. అక్కడ యూపీఎస్ ఉండేది కానీ బ్యాటరీ చచ్చి చాలా రోజులైంది, కొత్తది స్టోర్సు నుంచి రావాలి. సన్నమంట మీదున్న కూర అంతా అక్కడితో సరి. ఫైలు తెరిచి ఉండగానే కరెంటు పోయింది, ఇక అది పాడు కాక ఏమవుతుంది? శ్రీనివాస్ తొందరగా వచ్చిన రోజుల్లో కాక గది మూయకుండా అతనికి అప్పగించి వెళ్ళేవాడు, ఆ రోజుల్లో ఫైలు బతికేది. మిగతా రోజుల్లో శ్రీనివాస్ వచ్చి మెయిన్ ఎత్తి పని మొదలుపెట్టేవాడు. మెయిన్ తీసి ఉండటం అతనికి వింతగా అనిపించలేదు. కింద పనిచేసి వచ్చినవాళ్ళు ఖాళీ గదికి మెయిన్ తీయడం మామూలే.

"కాకా! గదేంది? మెయిన్ తీసినవ్?" అన్నాను.

"మరి? గది ఇడిసి పోతున్న గదా."

"కంప్యూటర్ బంద్ చేస్తలేనంటివి?"

"కంప్యూటర్ పండవెట్టిన. నీ ముంగటనే పండవెడితి. మెయిన్ తీసుడు వేరే. అది మన గదికి తాళం ఏసినట్టు."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయనను కూర్చోబెట్టి, పండుకున్న కంప్యూటర్‌కు కరెంటు ఎందుకు కావాలో చెప్పాను. ఫైళ్ళు ఎందుకు పోతున్నాయో చెప్పాను. ఆయన పుస్తకం తెరిచి రాజు పేరు మీద వేలు పెట్టాడు.

"అయితే పోరగాని మస్టర్లు నేనే తీసిన్నన్నట్టు" అన్నాడు.

"నువ్వు తియ్యలే కాకా. మెయిన్ ముట్టకు, అయిపాయె. ఇగ ఫికర్ లేదు."

ఆయన లేదన్నట్టు తల ఊపాడు. నాకు ఆశ్చర్యం వేసింది.

"గట్ల నాతోని కాదు బిడ్డా."

అప్పుడు చెప్పాడు. ఆయన చెయ్యి సంగతి నాకు "ప్రమాదం" అనే మాట వరకే తెలుసు. హాలర్ ఆపి పళ్ళచక్రాలకు గ్రీజు పెడుతున్నాడట. హ్యాండిల్ తిప్పి ఆపాడు గానీ మెయిన్ తీయలేదు, అవతల టబ్బులు తగిలించగానే మళ్ళీ నడపాలి కదా అని.

"ఎవలో హ్యాండిల్ ముట్టిండు. సగం సుట్టు తిరిగింది, గంతే. ఆగింది గదా అని చెయ్యి పెట్టిన. ఆగుడు వేరు బిడ్డా, సచ్చుడు వేరు. మెయిన్ తీస్తెనే మిషిన్ సచ్చినట్టు. గా దినం నుంచి మెయిన్ తియ్యకుంట నేను ఏ గది ఇడిసిపెట్టలె. గా దీపం మిణుకుమంటాంటె ఎట్ల పోతరు? ఇంట్ల గూడ గట్లనే చేస్త. ఊరికి పోతె మెయిన్ తీసే పోత. ఫ్రిజ్జుల పాలు ఇరిగినయని మీ చిన్నమ్మ గొంతు పెద్ద జేస్తది. జేస్తె జెయ్యనీ."

కంప్యూటర్ వేళ్ళు తీయదని నేను చెప్పాను. ఆయనకూ తెలుసు. తెలిసినంత మాత్రాన చెయ్యి ఊరుకోదు. ఒక్కరోజు మెయిన్ తీయకుండా వెళ్ళి చూశాడట, పొదుపు పద్ధతి మొదలైన కొత్తలో. కాలనీ దాకా పోయి, అన్నం ముందు కూర్చుని, లేచి వెనక్కి నడిచి వచ్చి మెయిన్ తీసి పోయాడు. అంతకుముందైతే కంప్యూటర్‌ను పూర్తిగా బంద్ చేసి, ఆ తర్వాతే మెయిన్ తీసేవాడు, అందుకే అప్పుడు ఫైళ్ళు పోలేదు.

నిజం చెప్పాలంటే ఒక క్షణం విసుగొచ్చింది. ఇంత మొండితనమా అనుకున్నాను. తర్వాత సిగ్గేసింది. గనిలో నలుగురు బతికి పైకి వస్తున్నారంటే ఈ మొండితనం వల్లనే. దాన్ని ఒక కంప్యూటర్ సౌకర్యం కోసం మానుకొమ్మనే హక్కు నాకు లేదు. మారాల్సింది కంప్యూటర్.

చోటు కోసం పాటలు

ఆగిపోవడమే కాదు, నిజంగా చచ్చి, మళ్ళీ మతి పోకుండా లేచే పద్ధతి ఒకటి ఉంది కదా. హైబర్నేట్ ఆన్ చేయబోయాను. డిస్కులో చోటు చాలదంది. ఆఫీసు కంప్యూటర్‌లో అంత సరుకు ఏముందా అని వెతికితే పాటలు. బతుకమ్మ పాటలు, ఉద్యమం పాటలు, సినిమా పాటలు, ఒక పెళ్ళి వీడియో. అన్నీ శ్రీనివాస్‌వే.

"అక్కా, గవి దీస్తె నా పానం దీసినట్టే" అన్నాడు.

"కొమురయ్య కాక కుర్చీ పోతది. నీ పాటలు పెద్దయా?"

"జెర ఆగు. సీడీలల్ల ఎక్కిచ్చుకుంట." వెళ్ళి ఖాళీ సీడీలు కొనుక్కొచ్చాడు. ఒక్కొక్కటీ కాలుతుంటే పక్కనే కూర్చుని కాపలా కాశాడు. పెళ్ళి వీడియో ఎవరిదని అడిగితే ఇంకో ఖాళీ సీడీ తీసి లోపల పెట్టాడు.

చోటు దొరికింది. హైబర్నేట్ ఆన్ చేసి, సీపీయూ బటను నొక్కితే అదే జరిగేలా సెట్ చేశాను. తెర మీద చిన్న గీత నిండుతుంది, మతిలో ఉన్నదంతా డిస్కుకు ఎక్కుతుంది, తర్వాత ఫ్యాను, దీపం అన్నీ ఆరిపోతాయి. కాకతో చేయించాను. దీపం ఆరేదాకా ఆగమన్నాను. ఆరింది. ఆయన ముందుకు వంగి దీపం ఉన్నచోట వేలు పెట్టి చూశాడు. లేచి మెయిన్ తీశాడు. కాసేపాగి మెయిన్ ఎత్తి, బటను నొక్కాడు. ఆయన వదిలిన పేజీ, వదిలిన పేరు మీదే తెరుచుకుంది.

"సచ్చి లేసింది" అన్నాడు. ఎన్నో రోజులకు నవ్వాడు.

దీనికీ లోపాలున్నాయని కొత్తవాళ్ళకు చెప్పాలి. తర్వాత కాటా దగ్గర లారీలు తూచే కంప్యూటర్‌కు కూడా పెడితే, అది లేచింది గానీ తూకం మిషనుతో మాట్లాడటం మరిచిపోయింది. సర్వరుకు కలిపిన కంప్యూటర్లలో ఫైలు తెరిచి హైబర్నేట్ చేస్తే లేచేసరికి ఆ లంకె తెగి ఉంటుంది. వారానికోసారి పూర్తిగా షట్‌డౌన్ చేయకపోతే మిషను మందగిస్తుంది. ఒకచోట పనిచేసిందని అన్నిచోట్లా రుద్దకూడదు, ఆ పాఠం స్టాండ్‌బైతోనే నేర్చుకోవాల్సింది.

సోమవారం మూర్తి గారికి చూపించాను. ఆయన స్వయంగా మెయిన్ తీసి, ఎత్తి చూశారు. "ఇంతేనా? ఇంతోటి దానికా ఇంత రభస?" అన్నారు. యార్డు మాట వెనక్కి తీసుకున్నారు. కాక కుర్చీ నిలబడింది.

"సార్, ఆయన తప్పు లేదని నలుగురి ముందూ ఒక మాట చెప్పండి" అన్నాను.

"అవన్నీ చెప్పుకుంటూ పోతే ఆఫీసు నడవదమ్మా. ప్రింటు సరిచేసి అంటించండి, వాళ్ళే చూసుకుంటారు" అన్నారు.

నా సర్వీసులో నేను చూసిన ఆఫీసర్లలో చాలామందిది ఇదే తీరు. అనుమానం ఉంటే తలుపు తీసి చెబుతారు. అనుమానం తీరితే తలుపు మూసి చెబుతారు.

లచ్చవ్వ

నేనూ కాకా కూర్చుని పుస్తకాలన్నీ ముందేసుకుని ఆ నెల మస్టర్లు మళ్ళీ సరిచూశాం. రాజు మస్టర్లు పుస్తకంలో ఉన్నన్నీ ఎక్కాయి. కొత్త ప్రింటు అంటించాం. అది చూసినవాళ్ళు ఏమనుకున్నారో తెలుసా? లచ్చవ్వ తిట్టినందుకు భయపడి తిరిగి పెట్టాడని. క్యాంటీను బెంచి ఖాళీగానే ఉంది.

కొడుకు మస్టర్లు కళ్ళారా చూసుకుందామని లచ్చవ్వ ఒక మధ్యాహ్నం టైం ఆఫీసు కిటికీ దగ్గరికి వచ్చింది. నేను లోపలే ఉన్నాను. ఆమెను చూడగానే కాక ముఖం మాడింది. ఇప్పుడు లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. ఆయన తలుపు తీశాడు.

"లోపటికి రా అక్కా. సూసి పో."

ఆమె అనుమానంగానే వచ్చింది. కాక తెర మీద రాజు పేరు చూపించాడు, మస్టర్లు చూపించాడు. ఆమెకు చదువు రాదు, కొడుకు నంబరు మాత్రం గుర్తుపడుతుంది. తర్వాత ఆయన బటను నొక్కాడు. తెర నల్లబడింది. వెళ్ళి మెయిన్ తీశాడు, గదిలో ఫ్యాను కూడా ఆగింది.

"ఓ కొమురయ్యా! మళ్ళ పాయెనా నా కొడుకుది?" అని ఆమె గుండె మీద చెయ్యి వేసుకుంది.

ఆయన మెయిన్ ఎత్తాడు, కంప్యూటర్ ఆన్ చేశాడు. అదే పేజీ, అదే పేరు. ఆమె తెరకు దగ్గరగా వంగి నంబరు మళ్ళీ చూసుకుంది.

"మరి గప్పుడెట్ల పోయింది?" అంది.

కంప్యూటర్ లోపం అని చెబుదామని నేను నోరు తెరిచాను. కాక నన్ను చేత్తో వారించాడు.

"నేనే తీసిన అక్కా. గీ చేత్తోనే మెయిన్ తీసిన. తీస్తె పోతదని నాకు తెల్వది. తెల్సి ఎవల మస్టరు తియ్యలె. నీ కొడుకుది అసలే తియ్యలె."

లచ్చవ్వ ఆయన చెయ్యి వైపు చూసింది. వేళ్ళు లేని చెయ్యి వైపు చూసింది. తాను ఏమన్నదో గుర్తొచ్చినట్టుంది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఎంత మాటంటి" అంది. "ఇంటికి నడు."

"డ్యూటీ గాలె అక్కా."

"అయ్యేదాక కూసుంట."

బయట గంప పక్కన కూర్చుంది. డ్యూటీ దిగాక ఇద్దరూ కాలనీ వైపు నడిచారు. నేనూ స్కూటీ తోసుకుంటూ వెనకే వెళ్ళాను. వెళ్ళాల్సిన పనేమీ లేదు, వెళ్ళకుండా ఉండలేకపోయాను. కాక క్వార్టరున్న వరుస మొదట్లోనే ఆమె గంప దించి, నడుం మీద చేతులు పెట్టుకుని గొంతెత్తింది.

"ఓ అమ్మలాలా, ఇనుండ్రి! కొమురయ్య ఎవల మస్టరు తినలె! నా నోరే పాడు నోరు! గాయన చెయ్యిని నేనన్న మాట నా నాలుక మీదనే పడనీ!"

తలుపులు తెరుచుకున్నాయి. వంటింట్లో ఉన్నవాళ్ళు గరిటెలతోనే బయటికి వచ్చారు. షిఫ్టు దిగి మంచం వాల్చినవాళ్ళు లేచి కూర్చున్నారు. ఆమె నాలుగిళ్ళు దాటి మళ్ళీ నిలబడి, మొదటి నుంచీ మళ్ళీ చెప్పింది. కొమురయ్య కాకకు ఎక్కడ చూడాలో తెలియలేదు. టిఫిను డబ్బా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"మెల్లగ అక్కా, మెల్లగ. అందరు సూస్తున్నరు" అన్నాడు.

"తిట్టిననాడు మెల్లగ తిట్టిన్నా?" అని లచ్చవ్వ ఇంకో ఇంటి ముందుకు నడిచింది.